ఎకరము గజమైన వేళ

విజయనగరమునుండి భోగాపురమునకు పోవు దారిలో ప్రయాణము చేయువారికి ఈ మధ్య ఒక క్రొత్త పంట కనబడుచున్నది. అది తెల్లరాళ్ల పంట. మోకాలెత్తున పాతిన రాళ్లు, వానిమీద ఎఱ్ఱరంగుతో వేసిన అంకెలు, రాళ్ల నడుమ నల్లని తారుబాట, ప్రవేశమున ఒక సిమెంటు తోరణము, తోరణముపై ఏదో ఒక దేవుని పేరుగాని పరదేశపు నగరము పేరుగాని. నిన్నమొన్నటివరకు అక్కడ జీడితోటయో మామిడితోటయో ఉండెను. కొంచెము సముద్రమువైపు జరిగినచో సరుగుడు, కొబ్బరి. ఈ నేల ఎవరిదని అడిగినచో ఒకప్పుడు ఒక రైతు పేరు చెప్పెడివారు. ఇప్పుడు "ఎన్నవ నంబరు?" అని ఎదురుప్రశ్న వచ్చును.

ఈ మార్పును గూర్చి రెండు విధములైన మాటలు తరచుగా వినుచున్నాము. ఊరు పెరుగుచున్నదని సంతోషించువారు కొందఱు. పొలములు పోవుచున్నవని విచారించువారు మఱికొందఱు. రెండు మాటలలోను నిజమున్నది. కాని వానికంటె ముందు గమనింపవలసినది వేఱొకటి కలదని నా అభిప్రాయము. మన ప్రాంతమున భూమిని కొలుచు కొలత మారినది. కొలత మారినప్పుడెల్లను కొలుచువాడుకూడ మారుచున్నాడు.

మన ముత్తాతల కాలమున భూమిని గింజతో కొలిచెడివారు. పుట్టెడు చేను, తూమెడు మడి, కుంచెడు నేల అనునవి ఆనాటి మాటలు. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఇంత విత్తు పట్టు నేల అని దాని భావము. కావున పల్లమునకును మెట్టకును ఆ మాట ఒకే వైశాల్యమును సూచింపదు. నేటి లెక్కల మాస్టారికి ఇది అడ్డదిడ్డమైన కొలతగా తోచవచ్చును. అయినను ఆ నేల ఏమి చేయగలదో ఆ కొలతలోనే ఇమిడియుండెను. విత్తనము చేతబట్టినవాడే దానిని కొలిచెడివాడు. తరువాత దొరతనమువారి గొలుసు వచ్చినది. ఎకరము, సెంటు వచ్చినవి. శిస్తు కట్టించుకొనువాని కొలత అది. 1802లో శాశ్వత పైసలా జరిగిన ఈ జమీందారీ సీమలో, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతగాని పెక్కు గ్రామములకు రైతువారీ సర్వే పూర్తిగా చేరలేదు. అనగా ఎకరములలో తన భూమిని తనదిగా లెక్కపెట్టుకొను భాగ్యము ఇక్కడి సామాన్యరైతునకు ఒకటి రెండు తరములకే దక్కినది. అంతలో గజము వచ్చిపడినది. ఇప్పుడు పట్టణములలో చదరపుటడుగు వచ్చినది.

బాలురచే ఈ లెక్క చేయింపవచ్చును. ఎకరమునకు 4,840 చదరపు గజములు. లేఅవుటు వేయునప్పుడు అందు నూటికి పది పాళ్లు ఖాళీస్థలమునకును, సుమారు ముప్పది పాళ్లు బాటలకును పోవుననుకొందము. మిగిలినది 2,904 గజములు. గజము పదివేల రూపాయలకు అమ్మినచో 2 కోట్ల 90 లక్షల 40 వేలు. బాటలకు, దీపస్తంభములకు, మురుగు కాలువలకు, అనుమతులకు, మధ్యవర్తులకు అయిన ఖర్చును దానినుండి తీసివేయవలెను. పిమ్మట రైతునకు ఎకరమునకు ముట్టిన సొమ్మును ప్రక్కన వ్రాయవలెను. ఆ రెండంకెల మధ్యనున్న దూరము, ఎకరములలో అమ్మువానికిని గజములలో కొనువానికిని నడుమనున్న దూరము. ఆ దూరమునందే కొందఱి జీవనము నడచుచున్నది. దీనిని మోసమని నేననను. బాట వేసినవాడు బాట కూలి పుచ్చుకొనవలసినదే. కాని తన భూమి గజములలోనికి దిగుచున్నదని రైతునకు తెలియులోపల అది చేతులు మారుట మాత్రము తఱచుగా జరుగుచున్న సంగతి.

ఈ వేగమునకు మూలము విశాఖపట్టణము. ఒకవైపు సముద్రము, మఱియొకవైపు సింహాచలము కొండలు ఉండుటచే ఆ నగరము వెడల్పుగా పెరుగలేక పొడవుగా సాగినది. మధురవాడ దాటి ఆనందపురము, తగరపువలసలవైపు వచ్చినది. 1978లో ఏర్పడిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ 2018లో మహానగర ప్రాంతీయాభివృద్ధి సంస్థగా మారినది. 2013లో భీమునిపట్నము నగరపాలక సంస్థలో కలిసినది. దానికి ఆవల విజయనగరము జిల్లా. అక్కడ భోగాపురమున అంతర్జాతీయ విమానాశ్రయము నిర్మింపవలెనని 2015లో ప్రయత్నము మొదలైనప్పుడు తొలుత వినవచ్చిన మాట పదునైదువేల ఎకరములు. గ్రామములు లేచి కూర్చున్నవి. ధర్నాలు, దీక్షలు జరిగినవి. న్యాయస్థానములకు పోయినవారును ఉన్నారు. సంఖ్య అయిదువేల చిల్లరకు, పిదప అంతకంటె క్రిందికి దిగి, తుదకు సుమారు 2,200 ఎకరములమీద పని సాగినది. 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిరి. 2023 మే 3న వేఱొక ముఖ్యమంత్రి మరల శంకుస్థాపన చేసిరి. అల్లూరి సీతారామరాజు పేరు దానికి పెట్టిరి. నిర్మాణము చేపట్టిన జి.ఎం.ఆర్. సంస్థ స్థాపకులు ఇక్కడి రాజాములో పుట్టినవారే. ఏడాదికి అరువది లక్షలమంది ప్రయాణికులకు సరిపోవునట్లు మొదటి దశను రూపొందించిరి.

పదునైదువేల ఎకరముల మాట రెండువేలకు దిగినప్పుడు మిగిలిన నేల ఏమైనది? రైతునకే మిగిలినదని మనము సంతోషింతుము. ప్రభుత్వము సేకరించునను భయముతో ఒకరు, సేకరింపదను ఆశతో మఱియొకరు, విమానము దిగునను నమ్మకముతో ఇంకొకరు, ఇట్లు ముగ్గురును ముమ్మారు ఆ నేలనే బేరము చేసిరి. రాజధాని విషయమునను ఇట్లే జరిగినది. విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా చేయు చట్టము 2020లో వచ్చినది. 2021 నవంబరులో ఉపసంహరింపబడినది. చట్టమును వెనుకకు తీసికొనవచ్చును గాని, దానిని నమ్మి పాతిన రాళ్లను పెరికి మరల జీడిమొక్కలు నాటువారెవరు?

విమానాశ్రయపు హద్దులలో పడిన మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేట అను నాలుగు పల్లెలు తరలిపోయినవి. సుమారు నాలుగు వందల కుటుంబములకు గూడెపువలస, లింగాలవలసల ప్రాంతమున పునరావాసపు కాలనీలు కట్టిరి. వలస అను మాట ఉత్తరాంధ్రమున ఎన్ని ఊళ్ల పేర్ల చివరనున్నదో లెక్కింపుడు. ఎవరో ఎక్కడినుండియో వచ్చి నిలిచిన ఊళ్లవి. ఇప్పుడు ఒక వలస మఱియొక వలసకు వలస వచ్చినది. 1894 నాటి పాత చట్టమును త్రోసిపుచ్చిన 2013 భూసేకరణ చట్టము కౌలుదారును, కూలివానినికూడ బాధితులలో చేర్చినది. అది మెచ్చదగిన మార్పే. కాని నోటిమాటమీద కౌలుచేసినవాడు తన కౌలును నిరూపించుకొనుట ఎట్లు? పట్టా ఉన్నవానికి సొమ్ము, పట్టా లేనివానికి ప్రయాస.

ఇక పట్టణములోనికి వత్తము. 1713లో కోట కట్టినది మొదలు విజయనగరము కోటచుట్టును పెరిగిన ఊరు. గంటస్తంభము 1885 నాటిది. మహారాజావారి కళాశాల, సంగీత కళాశాల, వాని విద్యార్థులు, వారికి అన్నము పెట్టిన ఇండ్లు ఆ ఊరికి ఒక రూపమిచ్చినవి. వీధి అరుగు, వసారా, నడవా, పెరడు, పెరటిలో నుయ్యి, పైన పెంకులు. అట్టి ఇల్లు నేడు అపార్టుమెంటుగా మారు విధమును చెప్పెదను. ఇంటి పెద్ద కాలము చేసెను. కొడుకొకడు హైదరాబాదులో, మఱియొకడు అమెరికాలో, కూతురు విశాఖలో. ఆరు వందల గజముల ఇంటిని ముగ్గురికి నిలువుగా కోసి పంచలేరు. పెంకు మార్పించు పనివాడు దొరకడు. అప్పుడు బిల్డరు వచ్చును. స్థలము మీది, పెట్టుబడి నాది. కట్టిన ఫ్లాటులలో సగము మీకు, సగము నాకు. దీనికి అభివృద్ధి ఒప్పందమని పేరు. తగవు తీరును, వాటాలు తేలును, ఎవరును సొమ్ము తీయనక్కరలేదు. ఊరిలోని అన్నదమ్ముల పంపకములను ఇంత సుఖముగా తీర్చిన మధ్యవర్తి ఇదివఱకు లేడు. నేను పరిహాసమునకు చెప్పుటలేదు.

కాని ఆ ఫ్లాటును కొనువాని సంగతి చూడవలెను. మన జిల్లాలలో అతడు తఱచుగా బడిపంతులే. లేఅవుటువారి కరపత్రములు ముందుగా చేరునది పాఠశాలలోని ఉపాధ్యాయుల గదికే యని ఎఱిగినవారికి తెలియును. నెలజీతము కలవానికి బ్యాంకువారు అప్పు నిత్తురు. ఆరు వందల గజముల స్థలమున, క్రింద వాహనములకు స్తంభముల అంతస్తు విడిచి, పైన అయిదంతస్తులు, అంతస్తునకు మూడు చొప్పున పదునైదు ఫ్లాటులు కట్టిరనుకొందము. ఒక్కొక్కరికి వచ్చు భూమి నలువది గజములు. అది ఎక్కడనున్నదని చూపలేరు. దానికి రాళ్లు పాతలేరు. దానిని పత్రములలో అవిభక్త వాటా అందురు. పదునైదుగురిలో ఎవరిదియు కాక, పదునైదుగురిదియు అయిన నేల. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము ఈ ఉమ్మడి హక్కునకు రూపమిచ్చినది. గోడలు, కప్పు, లిఫ్టు ఏటేట పాతబడును; పాతబడనిది ఆ నలువది గజములే. ఇరువదేండ్ల అప్పు తీరి ఉద్యోగవిరమణ చేయునాటికి మాస్టారికి మిగులునది ఏదియో ఆ కాగితములోనే ఉన్నది. అయినను ఫ్లాటు చూడబోయినవారు వంటగది గట్టు గ్రానైటా కాదా యని అడుగుదురుగాని, అవిభక్త వాటా ఎన్ని గజములని అడుగువారు అరుదు.

చదరపుటడుగు విషయమును చెప్పవలసియున్నది. పన్నెండు వందల అడుగుల ఫ్లాటని చెప్పిన దానిలో మనము నడువగల నేల ఎనిమిది వందల చిల్లర ఉండవచ్చును. మిగిలినది గోడలు, మెట్లు, నడవ, లిఫ్టు గదులలో మనకు వేసిన వాటా. ఈ గందరగోళమును తొలగించుటకే 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టము వచ్చినది. రెరా అని జనులు పిలుచునది అదియే. గోడల నడుమనున్న నేలకే కార్పెటు వైశాల్యమని పేరిడి, దానిని తెలిపి అమ్మవలెనని అది శాసించినది. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలముగాని, ఎనిమిదికి మించిన ఫ్లాటులుగాని ఉన్నచో నమోదు చేయనిదే ప్రకటన వేయరాదు. కొనుగోలుదారులిచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది పాళ్లు ఆ కట్టడమునకే ప్రత్యేకమైన ఖాతాలో ఉంచవలెను. ఇల్లప్పగించిన అయిదేండ్లలోపల నిర్మాణ లోపము బయటపడినచో బిల్డరే సరిచేయవలెను. చిన్న పట్టణములలో చిన్న స్థలములే ఎక్కువ కనుక, ఆ హద్దునకు లోబడి ఎనిమిది ఫ్లాటులతో సరిపెట్టుకొన్న కట్టడములకు ఈ రక్షణ అంతగా అందదు. నగరములను మనసులో పెట్టుకొని చేసిన చట్టము పట్టణములకు వచ్చుసరికి వదులైన చొక్కావలె ఉండుటకు ఇది యొక నిదర్శనము.

లేఅవుటులలోను ఇట్టి చిక్కే కలదు. పంచాయతీవారి తీర్మానమొకటి చూపి ప్లాటులమ్మినవారు పూర్వము పెక్కుమంది. అట్టివానిని రుసుము గట్టించుకొని క్రమబద్ధము చేయు పథకమును ప్రభుత్వము 2020లో తెచ్చినది. తప్పు చేసినవాడు అమ్ముకొని పోయెను. రుసుము కట్టవలసినవాడు కొనినవాడు. క్రమబద్ధము చేసినంత మాత్రమున, పూడిపోయిన గెడ్డ మరల పాఱదు. ఈ సీమలో చెఱువుకును చెఱువుకును నడుమ గెడ్డయో, పొలము కాలువయో గొలుసువలె ఉండును. ఎగువ చెఱువు నిండి పొరలిన నీరు దిగువ చెఱువునకు చేరవలెను. నడుమ నూరు గజముల మేర మట్టి పోసి రాళ్లు పాతినచో దిగువ చెఱువు ఎండును, పాతినచోట నీరు నిలుచును. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానులను చూచిన ప్రాంతమునకు నీటి దారిని గూర్చి వేఱుగా పాఠము చెప్పనక్కరలేదనుకొంటిని.

వ్యాపారవీధుల మార్పును గూర్చి ఒక మాట. విజయనగరము బొబ్బిలి, సాలూరు, పార్వతీపురములకేగాక ఒడిషా దక్షిణపు అంచులకుకూడ సంత. 2022లో గురజాడ పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయము, 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చుటతో అద్దెకు గదులు అడుగువారు హెచ్చిరి. రోడ్డుమొగమున ఇల్లున్నవాడు క్రింద దుకాణము పెట్టించి పైకి జరిగెను. అటుపిమ్మట ఇల్లంతయు దుకాణమే అయినది. అరుగులు పోయి గాజు తలుపులు వచ్చినవి. మూడు లాంతర్లవద్దనుండిన పాత స్తంభమును 2020లో తొలగించినప్పుడు ఊరిలో పెద్ద వివాదమే రేగినది; స్తంభము లేకున్నను ఆ కూడలి పేరు మాత్రము మూడు లాంతర్లే. ఏటేట పైడితల్లి అమ్మవారి సిరిమాను ఆ దారిగుండ కోటకు వచ్చును. సిరిమాను చింతచెట్టు. దానిని చుట్టుప్రక్కల ఏదో ఒక పల్లె తోటలోనుండి తెత్తురు. చింతచెట్లున్న గట్లన్నియు గజములలోనికి దిగినపిదప ఆ మానును ఎంత దూరమునుండి తేవలసివచ్చునో!

శ్రీకాకుళమున కథ కొంచెము వేఱు. అక్కడ పట్టణము నడుమ నాగావళి. డే అండ్ నైట్ కూడలినుండి పాలకొండ రోడ్డువఱకు కట్టడములు చిక్కబడి, పిదప జాతీయ రహదారివైపును, 2008లో విశ్వవిద్యాలయము వెలసిన ఎచ్చెర్లవైపును వ్యాపించినవి. కాని ఆ కట్టడములలో పెట్టిన సొమ్ములో చాల భాగము ఆ ఊరిలో సంపాదించినది కాదు. బయటికి పోయినవారు పంపినది. శ్రీకాకుళము జిల్లావారు పూర్వము కళింగపట్నము, బారువ రేవులనుండి రంగూను పోయిరి. తరువాత హైదరాబాదు, చెన్నై. అచ్చట వారు చేసిన పనులలో ముఖ్యమైనది పరుల అపార్టుమెంటులు కట్టుట. 2014 జూన్ 28న చెన్నై చెంతనున్న మౌలివాక్కములో పదునొకండంతస్తుల కట్టడము, నిర్మాణములో ఉండగనే, వానలో కుప్పకూలినది. అరువదియొక్కమంది మరణించిరి. ఆ మృతులలో పలువురు మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలు. పునాది ఎంత లోతు, నేల ఎట్టిది, అంతస్తులెన్ని అనుమతించిరి అను ప్రశ్నలు వారిని ఎవరును అడుగలేదు. అడుగుటకు వారికిని అధికారము లేదు. నేడు ఆ కుటుంబముల పల్లెల ప్రక్కననే స్తంభములు లేచుచున్నవి. ఇసుక మోయువారు మనవారే, అప్పుచేసి కొనువారును మనవారే.

కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం" కథను ఎఱిగినవారికి ఈ సందర్భమున అది జ్ఞాపకము రాక మానదు. 1960 దశకపు ఆ కథలో ఊరికి మంచి జరుగుచుండగనే ఒక కుటుంబము అప్పులో మునుగును. ఆ రెండును ఒకదానితో నొకటి పెనవేసికొని నడచును. బడిపంతులైన ఆ కథకుడు 1997లో శ్రీకాకుళమున కథలకొఱకు ఒక ఇల్లు నిలిపెను. కథానిలయమను ఆ మేడను చూచుటకు పోయినవారు చదరపుటడుగు ఎంతయని అడుగుట నేను వినలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న పని సూచింతును. పిల్లలను తమ యింటనున్న పాత దస్తావేజునొకదానిని, చుట్టములెవరైన ఈ మధ్య కొనిన ఫ్లాటు దస్తావేజునొకదానిని తెమ్మని, రెంటిలోను హద్దులు వ్రాసిన పుటను చదివింపుడు. పాత దానిలో ఇట్లుండును: తూర్పు, ఫలానివారి జిరాయితీ, దక్షిణము, గెడ్డ, పడమర, చింతచెట్టుతో కూడిన గట్టు, ఉత్తరము, పుంత. ప్రతి హద్దునందును ఒక మనిషియో, చెట్టో, నీరో ఉండును. క్రొత్త దానిలో: తూర్పు, ఖాళీ ఆకాశము, దక్షిణము, ఖాళీ ఆకాశము, పడమర, నడవ, లిఫ్టు, ఉత్తరము, ఖాళీ ఆకాశము.